టిక్కు మిషన్

సుప్రియ పిడికిలితో తన చెవి వెనక తనే గుద్దుకుంది. ఎండకు అడ్డంగా కట్టిన చీర నీడకు ఇటు పక్క కూర్చున్న హెప్సిబా బొటనవేలు కదిలింది. టిక్. అటు పక్క కూర్చున్న నాగేశ్ చేతిలోనూ అదే చప్పుడు. టిక్. పిల్ల ఇటు చూసి, అటు చూసి, మళ్ళీ పిడికిలి ఎత్తింది.

కొంచెం దూరంలో పల్లికాయ కుప్ప చుట్టూ ఆడవాళ్ళు కూర్చుని కాయ తెంపుతున్నారు. వాళ్ళలో బుజ్జమ్మ ఈ పిల్ల తల్లి. ఎడమ చేత్తో నాలుగు చెట్లు కలిపి పట్టి, గంప అంచుకేసి కొట్టి మట్టి దులిపి, కుడి చేత్తో ఒక్క గుంజు గుంజితే కాయలన్నీ గంపలో రాలతాయి. చేతులు గంప మీద, చెవులు పిల్ల మీద. దెబ్బ చప్పుడు గట్టిగా వినపడితే చెట్లు కింద పడేసి పరుగెత్తుకొస్తుంది. పిల్ల చేయి పట్టుకుని "వద్దు బిడ్డా" అంటుంది. పిల్ల కాసేపు ఊరుకుంటుంది. తల్లి కుప్ప దగ్గరికి తిరిగి పోగానే పిడికిలి మళ్ళీ లేస్తుంది.

ఎనిమిదేళ్ళ పిల్ల. మాట లేదు. ఎడమ చెవి వెనక చర్మం మొద్దుబారి, నల్లబడి, ఒకచోట పగిలి పచ్చిగా ఉంది. దాన్ని చూస్తూ చేయి చాపకుండా కూర్చోవడమే హెప్సిబా ఉద్యోగం.

వినడానికి దుర్మార్గంగానే ఉంటుంది. కానీ చేసేవాళ్ళెవరూ దుర్మార్గులు కారు. పట్నంలో ఒక యూనివర్సిటీ నుంచి వచ్చిన ముగ్గురి బృందం అది. పెద్దామె ప్రొఫెసర్ పద్మజ. ఎదుగుదలలో వెనకబడ్డ పిల్లల ప్రవర్తన మీద ఇరవై ఏళ్ళుగా పనిచేస్తోంది. నాగేశ్ ఆమె దగ్గర డాక్టరేటు చేస్తున్నాడు, గద్వాల వైపు మెట్ట రైతు కొడుకు. ఊళ్ళల్లో తిరిగే పనికి పెట్టుకున్న మనిషి హెప్సిబా. కోడేరు పిల్ల, ఇలాంటి పిల్లలకు చదువు చెప్పే డిప్లొమా చేసింది. వాళ్ళ శాస్త్రం చెప్పేది ఒకటే. మాట రాని పిల్ల దెబ్బతో మాట్లాడుతుంది. ఆ దెబ్బ ఏమి అడుగుతోందో కనిపెట్టి, అదే అడగడానికి నొప్పిలేని దారి నేర్పాలి.

గద్వాలలో ఒక పిల్లవాడికి నేర్పారు. నొక్కితే "అమ్మా, రా" అని పలికే ఒక మీట ఇచ్చారు. నొక్కగానే తల్లి వచ్చేది. వాడు గోడకు తల బాదుకోవడం చాలామటుకు మానేశాడు. వనపర్తిలో ఇంకో పిల్లవాడికి ఇప్పుడే మొదలైంది. అది కుదురుకున్నాక, నాగర్‌కర్నూల్ జిల్లాలో బిజినేపల్లి అవతలి ఈ ఊళ్ళో సుప్రియకు మొదలవుతుంది. అప్పటిదాకా ఏమీ నేర్పకూడదు, ఆపకూడదు, పలకరించకూడదు. వచ్చి, కూర్చుని, దెబ్బలు లెక్కపెట్టుకుని పోవాలి. నేర్పకముందు ఎలా ఉందో తెలిస్తేనే గదా నేర్పాక ఎంత మారిందో తెలిసేది. దాన్ని బేస్‌లైన్ అంటారు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్న సామెత పుట్టిన రోజుల్లో ఈ పేరు ఇంకా పుట్టలేదు.

ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది మనుషులు తేలిస్తే పక్షపాతం వస్తుందని చీటీలు వేశారు. పద్మజ మేడం స్టీలు గిన్నె ముందుకు జరిపి "నువ్వు తియ్యి హెప్సిబా" అంది. గిన్నెలో ఆఖరుకు మిగిలిన చీటీ సుప్రియది. చీటీలు తీసిన ఆ చేత్తోనే ఇప్పుడు లెక్క మిషన్ నొక్కుతోంది. జపం చేసుకునేవాళ్ళు వేలికి పెట్టుకునేదాని లాంటి చిన్న ఉక్కు మిషన్. నొక్కినప్పుడల్లా ఒక అంకె పెరుగుతుంది. వారంలో ఒకరోజు నాగేశ్ కూడా వచ్చి ఇంకో మిషన్‌తో నొక్కుతాడు. ఇద్దరి అంకెలూ కలిస్తేనే లెక్క నిజమని చదివేవాళ్ళు నమ్ముతారు.

సద్ది తినే వేళ బుజ్జమ్మ నీళ్ళ సీసాతో వచ్చి పిల్ల పక్కన కూలబడింది. ముందు పిల్లకు తాగించి, మిగిలినవి తను తాగింది.

"మేడం, ఒక్క మాట అడుగుత, ఏమనుకోవద్దు. మీరొచ్చినప్పుడే ఇది ఎక్కువ కొట్టుకుంటది."

నాగేశ్ నవ్వాడు. వెక్కిరింపు నవ్వు కాదు, తెలిసినవాడి నవ్వు. "కొత్తోళ్ళం గదక్కా. అలవాటైతె అదే తగ్గుతది."

"అలవాటయ్యి శాన దినాలాయె గద సారూ."

నాగేశ్ సంచీ సర్దుకుంటున్నాడు. హెప్సిబా తల ఊపి ఊరుకుంది. తల ఊపడానికి ఖర్చేముంది.

"మా బిడ్డ వంతు ఎప్పుడొస్తది మేడం?" అని బుజ్జమ్మ మళ్ళీ అడిగింది.

"వనపర్తి బాబుది జర కుదురుకోవాలె అక్కా. తర్వాత మనదే. ఇంక రెండు మూడు వారాలు."

బుజ్జమ్మ సీసా మూత బిగించింది. బిగిసిన మూతను మళ్ళీ బిగించింది. "మేం శుక్రారం పోతున్నం మేడం. గుంపు మేస్త్రి బస్సు మాట్లాడిండు. పూణె దిక్కు బిల్డింగ్ పని. మల్ల వానలు పడేదాక రాము."

"పిల్లను ఎవరి దగ్గరన్న పెట్టి పోరాదు అక్కా?"

"ఎవరున్నరు? మా అత్త ఉన్నప్పుడు చూసుకునేది. ఇప్పుడు అత్తా లేదు." పిల్ల చెవి వెనక ఈగను తోలింది. "పోయినేడు ఆడ చేతులు కట్టేసి పనికి పోయినం. పాత చీర పేలిక తోని, ఎనకకు. ఇటుకలు మోసుకుంట మీది అంతస్తుకు ఎక్కితె, ఇది కింద కొట్టుకుంటుంటె దిగొచ్చేదెవరు? పొద్దుందాక కట్టేసే ఉండె. మీరు ఏదన్న నేర్పితె ఈయేడన్న కట్టే పని తప్పుతదనుకున్న."

హెప్సిబా పిల్ల మణికట్ల వంక చూసింది. ఏ గుర్తూ లేదు. లేకపోవడమే ఇంకా బాధ అనిపించింది. తనూ చిన్నప్పుడు ఇలాంటి బస్సుల్లోనే అమ్మ ఒళ్ళో పడుకుని పోయింది. ఆ బస్సు దిగాక పిల్లలు ఎక్కడ ఉంటారో ఎవరూ చెప్పనక్కరలేదు.

"నేను మేడంను అడుగుత అక్కా" అంది.

వనపర్తిలో ఫోటో స్టూడియో మీది గది వాళ్ళ ఆఫీసు. మంగళవారం మధ్యాహ్నం పద్మజ పట్నం నుంచి వచ్చింది. నాగేశ్ ల్యాప్‌టాప్ తిప్పి చూపించాడు. తెర మీద మూడు గీతలు, ఒకదాని కింద ఒకటి. గద్వాల గీత నిటారుగా కిందికి దిగింది. వనపర్తి గీత దిగడం మొదలుపెట్టింది. సుప్రియ గీత పైకి ఎక్కుతోంది.

"మంచి బేస్‌లైన్ మేడం. పైకే పోతుంది. మనం మొదలుపెట్టంగనే దిగితె ఇగ ఎవరూ వేలు పెట్టలేరు."

పిల్ల చెవి పగులుతుంటే పైకి పోయే గీత మంచి గీత ఎలా అవుతుందో హెప్సిబాకు అర్థం కాలేదని చెప్పడం అబద్ధం. అర్థమైంది. చదువుకుంది గదా. అర్థమైనందుకే ఒళ్ళు మండింది.

"మేడం, సుప్రియకు రేపట్నించే మొదలుపెడ్తె కాదా?" అంది.

పద్మజ కళ్ళద్దాలు తీసింది. హెప్సిబా శుక్రవారం బస్సు సంగతి చెప్పింది, చీర పేలిక సంగతి చెప్పింది. పద్మజ చివరిదాకా విన్నది. వినని మనిషి అయితే కోపం తెచ్చుకోవడం తేలికయ్యేది.

"కాదమ్మా" అంది చివరికి. "మన దగ్గర ఉన్న రుజువు ఒక్కటే. మూడు చోట్ల మూడు వేర్వేరు వేళల్లో మొదలుపెట్టాలె, మొదలుపెట్టిన చోటల్లా అప్పుడే దెబ్బలు తగ్గాలె. అప్పుడు తెలుస్తది, తగ్గించింది ఎండ కాదు, వయసు కాదు, మనం నేర్పిన పద్ధతి అని. ఇది చూపిస్తేనే రేపు మండలానికి ఒక మనిషిని పెట్టండని అడగగలం. ఈ మూడు జిల్లాల్లో ఇలాంటి పిల్లలు ఎంతమంది ఉన్నరో నువ్వే చూసినవు గద. తొందరపడి వరుస చెడగొడితే వాళ్ళెవరికీ ఏదీ రాదు."

"మరి సుప్రియ మేడం?"

ఆనాడు చీటీలు వేసిన గిన్నెలో ఇప్పుడు వేయించిన పల్లీలున్నాయి. పద్మజ ఒకటి తీసి, పొట్టు నలిపి, తినకుండా పక్కన పెట్టింది.

"శుక్రవారం పోతే లెక్కలోంచి తీసెయ్యాలె. ఇంకో పిల్లను వెతకాలె."

ఆ మాట ఆమెకు కూడా కష్టంగానే ఉన్నట్టుంది, నాగేశ్ వైపు గానీ హెప్సిబా వైపు గానీ చూడలేదు. మేడం చెప్పినదాంట్లో హెప్సిబాకు తప్పు దొరకలేదు. తప్పు లేని మాట ఇంత అన్యాయంగా ఎలా ఉంటుందో ఆలోచించుకుంటూ బిజినేపల్లి బస్సు ఎక్కింది.

బుధవారం ఒక్కతే చేనికి పోయింది. రెండో మిషన్ నాగేశ్ దగ్గరే ఉండిపోయింది. కుప్ప తరిగిపోయింది, ఇంకొక్క రోజు పని. బుజ్జమ్మ ఈసారి నీడకు దగ్గరగా కూర్చుంది. హెప్సిబా గట్టు మీద కూర్చుని మిషన్ వేలికి తగిలించుకుందో లేదో, బుజ్జమ్మ తల ఎత్తకుండానే అడిగింది.

"పెద్దమేడం ఏమన్నది?"

"కుదరదన్నది అక్కా."

"ఊఁ" అంది బుజ్జమ్మ. అంతే. తిట్టలేదు, బతిమాలలేదు. నాలుగు చెట్లు పట్టింది, దులిపింది, గుంజింది. ఇంకో నాలుగు పట్టింది. తిట్టినా బాగుండేది. కాదనిపించుకోవడం అలవాటైన చేతులు అవి, ఏ మాట విన్నా పని ఆపవు. హెప్సిబా ఆ చేతుల వంక చూస్తూ ఉండిపోయింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగి గంప మసకబారింది.

అప్పుడు సుప్రియ గుద్దుకుంది. హెప్సిబా చూడలేదు. వేలు కదల్లేదు.

పిల్ల తల తిప్పింది. మళ్ళీ గుద్దుకుంది, ఈసారి మెల్లగా, తలుపు తట్టి చూసినట్టు. చప్పుడు రాలేదు. పిల్ల లేచి నిలబడింది. తల్లి దగ్గరికి తప్ప ఎవరి దగ్గరికీ పోని పిల్ల, నీడ దాటి ఎండలోకి వచ్చి హెప్సిబా ముందు ఆగింది. మొహం చూడలేదు. చేయి చూసింది. రెండు వేళ్ళతో హెప్సిబా బొటనవేలు పట్టుకుంది. మట్టి వేళ్ళు, వెచ్చగా ఉన్నాయి. ఆ బొటనవేలును తీసుకుపోయి మిషన్ మీట మీద పెట్టి గట్టిగా నొక్కింది.

టిక్.

పిల్ల నోరు కొంచెం తెరుచుకుంది. నవ్వు అది. హెప్సిబా ఇన్ని వారాల్లో చూడని నవ్వు. పిల్ల అక్కడే, ఆమె మోకాలికి ఆనుకుని కూర్చుంది.

హెప్సిబాకు బుజ్జమ్మ అన్న మాట గుర్తొచ్చింది. మీరొచ్చినప్పుడే ఎక్కువ కొట్టుకుంటది. ఇటు చూసి, అటు చూసి, మళ్ళీ పిడికిలి. పిల్లకు తోడు కావాలి. అమ్మ చేతులు గంపలో ఉంటాయి, ప్రతిసారీ రావు. కానీ ఈ గట్టు మీది మనిషి ఒక్క దెబ్బ కూడా వదలకుండా జవాబు చెబుతుంది. కొట్టుకుంటే టిక్. కొట్టుకుంటే టిక్. రాయివేస్తే పలికే బావిలాగా తామిద్దరూ కూర్చున్నారు. పిల్ల పిలుస్తూ ఉంది, తాము లెక్కపెడుతూ ఉన్నారు. పైకి పోయిన గీత పిల్ల రోగం కాదు, తాము చేసిన పని.

ఏడవడానికి టైం లేదు. పిల్ల పిడికిలి మళ్ళీ లేవబోయింది. హెప్సిబా తన వేలి నుంచి మిషన్ ఊడదీసి, ఆ పిడికిలి చెవిని చేరేలోగా విప్పి, అరచేతిలో పెట్టింది. గుద్దుకోవాలంటే చేయి ఖాళీగా ఉండాలి గదా. పిల్ల మిషన్ వంక చూసింది. బొటనవేలుతో నొక్కింది. టిక్.

"ఆఁ బిడ్డా, ఈడ్నే ఉన్న" అంది హెప్సిబా, చేయి పట్టుకుని.

బేస్‌లైన్‌లో ఉన్న పిల్లతో మాట్లాడకూడదు. మాట్లాడింది. ముట్టుకోకూడదు. ముట్టుకుంది. ఉద్యోగంలో చేరిన రోజు సంతకం చేసిన నియమాలన్నీ ఒక్క మాటతో పోయాయి.

"బుజ్జక్కా, ఇటు రా."

బుజ్జమ్మ చేతుల మట్టి కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. కూతురి చేతిలో మిషన్ చూసి నిలబడిపోయింది.

"ఈ సప్పుడైనప్పుడల్లా నువ్వు దీని దిక్కు చూడాలె. వీలైతె వచ్చి చెయ్యి పట్టుకోవాలె. లేకుంటె ఉన్న కాడ్నించే 'ఆఁ బిడ్డా' అనాలె. కొట్టుకున్నప్పుడు మాత్రం ఏం మాట్లాడకుండ చెయ్యి ఆపి, మిషన్ చేతికియ్యాలె."

"అంతేనా?"

"అంతే అక్కా."

బుజ్జమ్మ ఆమె మొహంలోకి చూసింది. "గింతదానికేనా మేడం మీరు ఇన్నొద్దులు కూసున్నది?"

ఆ ప్రశ్నకు జవాబు గది నిండా పుస్తకాల్లో ఉంది, ఈ గట్టు మీద మాత్రం లేదు. సుప్రియ నొక్కింది. టిక్. తల్లి ఉలిక్కిపడి "ఆఁ బిడ్డా" అంది. అని, తన మాటకు తనే నవ్వుకుంది.

సాయంత్రం బస్టాండులో నిలబడి నాగేశ్‌కు ఫోన్ చేసింది. అంతా విని అతను మండిపడ్డాడు.

"నీకు దిమాగ్ ఉందా హెప్సిబా? ఏడాది పని. నా థీసిస్ మూడో కాలు విరగ్గొట్టినవు. ఒక్క మాట అడిగి చెయ్యొద్దా?"

"నిన్న అడిగితిని గదన్నా."

"అది వేరే."

"ఆ అక్క మొన్న చెప్పలేదా, మనమొచ్చినప్పుడే ఎక్కువ కొట్టుకుంటదని? నువ్వు నవ్వితివి. నేను గూడ తల ఊపితిని. ఇద్దరం వినలే. మన అంకెలు ఒకదానికొకటి మంచిగ కలిసినయి, అన్నా. ఇద్దరం ఒక్కతీరుగ తప్పు చేసినం కాబట్టి కలిసినయి."

ఫోన్ పెట్టేశాడు. ఇక మేడంకు చెప్పాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే గానీ, ఆకులైనా పట్టుకోవాలి గదా. చెప్పింది. మిషన్ చప్పుడు, పిల్ల తన వేలు పట్టుకోవడం, తను నియమం తప్పడం, ఏదీ దాచలేదు.

"ఎప్పట్నించి జరుగుతుండొచ్చు?" అని అడిగింది పద్మజ.

"తెల్వదు మేడం. మొదట్నించే కావొచ్చు."

"అంటే మనం లెక్కపెట్టలేదు. నేర్పినం. కొట్టుకుంటే జవాబొస్తదని నేర్పినం." మళ్ళీ తనే, "చప్పుడు కాని మిషన్లు కొనమని నేను చెప్పాల్సింది. తట్టలేదు. పిల్ల వింటదని తట్టలేదు" అంది.

హెప్సిబా ఫోన్ ఇంకో చెవికి మార్చుకుంది.

"రేపు పొద్దున్నే పో. వాళ్ళు బస్సెక్కేదాకా ఆడనే ఉండు. నేర్పగలిగినంత నేర్పు."

"సుప్రియ పేరు లెక్కలోంచి తీసేస్తరా మేడం?"

"తీసేస్త. మనం పాడుచేసిన లెక్క అది, ఎట్ల పాడైందో రాసి మరీ తీసేస్త."

"మరి నా ఉద్యోగం?"

"తప్పు నీ ఒక్కదానిదైతే కద, నిన్ను తీసెయ్యడానికి. పోయి పడుకో."

గురువారం ఆఖరు గంపలు నింపుతున్న ఆడవాళ్ళకు మంచి కాలక్షేపం దొరికింది. సుప్రియ మిషన్ వదలలేదు. నొక్కుతూనే ఉంది. బుజ్జమ్మ చెట్లు పడేసి, చేయి పట్టుకుని, మళ్ళీ వచ్చి కూర్చుంటే మళ్ళీ టిక్.

"నీ బిడ్డకు ఫోన్ కొనిచ్చినట్టే ఉందిగదనే బుజ్జమ్మా. మిస్‌డ్ కాల్ కొడుతుంది" అంది జమ్ములమ్మ అనే పెద్దావిడ.

"ఎత్తకపోతె ఊకోదు అత్తా" అని బుజ్జమ్మ మళ్ళీ లేచింది. అలిసిపోయింది. అలిసిపోతూనే నవ్వుతోంది. ఎనిమిదేళ్ళుగా దెబ్బకు పరుగెత్తిన మనిషి, మొదటిసారి పిలుపుకు పరుగెత్తుతోంది.

పిల్ల పూర్తిగా మారిపోయిందని చెబితే నమ్మవద్దు. మిషన్ జారి చెట్ల కింద పడ్డప్పుడు అది దొరికేలోగా చెవి వెనక గుద్దుకుంది. తల్లి వినపడనట్టు నటిస్తే ఏం చేస్తుందో చూద్దామని హెప్సిబా బుజ్జమ్మను అటు తిరిగి కూర్చోమంది. పిల్ల నొక్కింది, నొక్కింది, పిడికిలి ఎత్తింది. హెప్సిబా ఆ చేయి మెల్లగా పట్టుకుని తల్లి దాకా నడిపించి మిషన్‌ను తల్లి జబ్బకు ఆనించి నొక్కించింది. అలా పొద్దంతా నడిపించింది. సాయంత్రం ఒక్కసారి పిల్ల తనంతట తానే నడిచింది. మళ్ళీ అడిగితే నడవలేదు. ఒక్క రోజులో అంతే వస్తుంది.

ఇంటి దగ్గర బుజ్జమ్మ భర్త జయపాల్ గిన్నెలు, బొంతలు మూటగడుతున్నాడు. హెప్సిబా చెప్పినదంతా విన్నాడు, మూట ముడి బిగిస్తూనే.

"ఆడ మిల్లర్ తిరుగుతుంటది మేడం. కాంక్రీటు కలిపేది. ఆ సప్పుడుల పక్కోడు మొత్తుకున్న ఇనపడదు. ఈ టిక్కు మిషన్ ఎవనికి ఇనపడ్తది?"

"ఇనపడకుంటె వచ్చి ముట్టి నొక్కాలె అన్నా. నేర్పుతున్న. ఇంక రావాలె."

"మేం పైన, ఇది కింద. ఎక్కడికొస్తది?"

నిజమే. అతని మాటలో విసురు ఉంది గానీ ద్వేషం లేదు, కూతురి వంక చూడకుండా మాట్లాడటం మాత్రం ఉంది. ఆఖరున ఒక పాత చీర పేలిక చుట్టచుట్టి మూట ముడి సందులో దోపాడు. నీలం రంగు వెలిసిపోయింది, మధ్యలో ముడులు పడిపడి నలిగి ఉంది. హెప్సిబా చూసింది. బుజ్జమ్మ కూడా చూసి మొహం తిప్పుకుంది.

శుక్రవారం పొద్దు గుంకకముందే బిజినేపల్లి చౌరస్తాలో పూణె బస్సు ఆగి ఉంది. బస్సు మీద మూటలు, ప్లాస్టిక్ బిందెలు, ఒక కుట్టు మిషను. గుంపు మేస్త్రి పేర్లు పిలుస్తున్నాడు. లారీల హారన్లకు సుప్రియ రెండు చెవులూ మూసుకుంది. మూసుకున్న చేతిలోంచి లెక్క మిషన్ జారి రోడ్డు మీద పడింది. పిల్ల కీచుమని అరిచి చెవి వెనక గుద్దుకోవడం మొదలుపెట్టింది. ఒకటి, ఇంకొకటి, ఆగకుండా. బుజ్జమ్మ రెండు చేతుల్లో మూటలున్నాయి. జనం చూస్తున్నారు.

"కట్టేయరాదయ్యా, బస్సంత పరేషాన్ చేస్తది" అన్నాడు మేస్త్రి.

జయపాల్ మూట ముడి సందులోంచి నీలం పేలిక లాగాడు. హెప్సిబా ముందుకు ఒక అడుగు వేసి ఆగింది. అన్నా, వద్దు అనాలి. రెండు రోజులు నేర్పిన ఆడమనిషి మాటకు, ఏళ్ళుగా మోసిన తండ్రి ముందు ఎంత బరువుంటుంది?

అతను కూతురి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, గుద్దుకుంటున్న చేయి పట్టుకున్నాడు. రెండో చేయి పట్టుకోలేదు. రోడ్డు మీది మిషన్ తీసి, దుమ్ము చొక్కాకు తుడిచాడు. వేలికి పెట్టుకునే దాని రింగులోంచి పేలిక కొస దూర్చి ముడివేశాడు. ఆ పేలికను పిల్ల మణికట్టుకు చుట్టాడు, వదులుగా, వేలు దూరేంత సందు వదిలి. పళ్ళతో ముడి బిగించి, మిషన్‌ను అరచేతిలోకి తిప్పి పెట్టాడు.

"ఊకె కింద పడేస్తుంది మేడం" అన్నాడు, హెప్సిబా వంక చూడకుండా. "పోతె ఆడ యాడ దొరుకుతది?"

సుప్రియ మణికట్టు వంక చూసుకుంది. నొక్కింది. టిక్.

"ఆఁ" అన్నాడు జయపాల్. బిడ్డా అనలేదు. ఇంకా అలవాటు కాలేదు.

అప్పుడే మోటారు సైకిల్ వచ్చి ఆగింది. నాగేశ్. రెండు రోజులుగా హెప్సిబాతో మాట్లాడని మనిషి. ఇప్పుడు కూడా ఆమెతో మాట్లాడకుండా నేరుగా బుజ్జమ్మ దగ్గరికి పోయి జేబులోంచి రెండో మిషన్ తీశాడు.

"ఇది గూడ పెట్టుకో అక్కా. ఒకటి ఖరాబైతె ఇంకోటి ఉంటది."

"మరి మీ లెక్కలకు సారూ?"

"లెక్కకు వేరేది చూసుకుంటం. సప్పుడు కానిది." మిషన్ ముందుకు చాపుతూ, "మొన్న నువ్వు చెప్పింది నేను వినలేదక్కా" అన్నాడు.

బుజ్జమ్మ మిషన్ తీసుకుని రవికెలో దోపుకుంది. హెప్సిబా వైపు తిరిగి, "పోయొస్త చెల్లె. ఫోన్ చేస్త. ఎట్ల చెయ్యాల్నో మల్ల చెప్తుండు" అంది. మేడం అనలేదు.

"రోజూ చెయ్యి అక్కా. మిల్లర్ కాడ ఎట్ల చేస్తుందో చెప్పు. ఇద్దరం కలిసి ఏదన్న చూద్దాం."

బస్సు ఇంజిన్ మోగింది. కింద నిలబడ్డవాళ్ళ మాటలే వాళ్ళకు వినపడనంత మోత. కిటికీ పక్క సీట్లో సుప్రియ, ఆమె పక్కన జయపాల్, అతను అటు తిరిగి మూట సీటు కిందికి తోస్తున్నాడు. హెప్సిబా కిటికీ వైపే చూస్తోంది. పిల్ల చేయి పైకి లేచింది. చేయి చెవి దాకా పోలేదు. గాలిలో కాసేపు ఆగి, తిరిగి కిందికి దిగి, తండ్రి జబ్బకు ఆనింది.

చప్పుడు ఇక్కడికి వినపడలేదు. జయపాల్ మూట వదిలి కూతురి వైపు తిరగడం మాత్రం కనపడింది.